ఇంట్లో ఆర్కేడ్ బాక్స్ చేస్తున్నారా? విండోసా, లైనక్సా ముందే తేల్చుకోండి

ఒకప్పుడు గేమ్ పార్లర్‌లో నాణెం వేసి ఆడిన పాక్‌మాన్ (1980) లాంటి ఆటలను ఇప్పుడు కొందరు ఇంట్లోనే పెట్టుకుంటున్నారు. ప్లైవుడ్ పెట్టె కార్పెంటర్ చేసిస్తాడు. జాయ్‌స్టిక్, బటన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లోపలికి మూలన పడున్న పాత కంప్యూటర్ చాలు. మరి అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి? ఆ కంప్యూటర్ ఆటలకేనా, ఇంట్లో వేరే పనులకు కూడా కావాలా అన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది.

ఆటలకే అయితే

బాటోసెరా అనే ఉచిత లైనక్స్ సిస్టమ్ చూడండి. ఆన్ చేయగానే నేరుగా ఆటల జాబితా వస్తుంది. కీబోర్డు, మౌస్ అక్కర్లేకుండా చిన్నపిల్లలు కూడా జాయ్‌స్టిక్‌తోనే ఆట ఎంచుకోవచ్చు. పైగా ఇది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. పెన్‌డ్రైవ్ తీసేస్తే మీ పాత విండోస్ ఎప్పటిలాగే వస్తుంది. కాబట్టి ముందు ఇలా పరీక్షించి చూసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ కాకపోతే బయోస్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాల్సి రావచ్చు.

పాత కంప్యూటర్ లేనివాళ్లు రాస్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కొనుక్కోవచ్చు. దాని మీద బాటోసెరా, రెట్రోపై, రీకాల్‌బాక్స్ నడుస్తాయి.

వేరే పనులూ ఉంటే

పిల్లల హోంవర్క్, ప్రింటర్, స్టీమ్‌లో కొన్న కొత్త గేమ్‌లు కూడా అందులోనే అంటే విండోస్ ఉంచడమే మేలు. లాంచ్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్ వేస్తే ఆటల జాబితా అందంగానే కనిపిస్తుంది. కాకపోతే ఆట మధ్యలో అప్‌డేట్ల గొడవ ఉంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11కు అధికారికంగా అనుమతి లేదు. అలాంటి కంప్యూటర్‌ను ఆటలకు మాత్రమే వదిలేసి బాటోసెరా వేసుకుంటే కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

పెన్‌డ్రైవ్‌లోకి సిస్టమ్ ఎక్కించేటప్పుడు ఎంచుకున్న డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది. పొరపాటున హార్డ్ డిస్క్ ఎంచుకుంటే పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. ముందుగా వాటిని వేరే చోట కాపీ చేసుకోండి. డ్రైవ్ పేరు, సైజు రెండుసార్లు చూశాకే బటన్ నొక్కండి.

పిల్లలు ఆట అయిపోగానే గోడ స్విచ్ ఆపేస్తారు. రాత జరుగుతుండగా కరెంటు పోతే పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు పాడవుతాయి. మదర్‌బోర్డు మీద పవర్ బటన్‌కు ఉండే రెండు పిన్నులకు ఒక ఆర్కేడ్ బటన్ కలిపించండి. అది నొక్కితే సిస్టమ్ పద్ధతిగా ఆగిపోతుంది. ఆ తర్వాతే గోడ స్విచ్ ఆపమని పిల్లలకు అలవాటు చేయండి.

ఇక ఆటల సంగతి. పాత ఆర్కేడ్ ఆటలను నడిపే మేమ్ ప్రోగ్రామ్ 1997 నుంచి ఉంది, ఉచితం. ఆటలు మాత్రం అలా కాదు, చాలావాటికి ఇంకా కాపీరైట్ ఉంది. గ్రిడ్లీ లాంటి కొన్నింటిని హక్కుదారుల అనుమతితో మేమ్ సైట్‌లోనే ఉచితంగా ఇస్తున్నారు. వాటితో మొదలుపెట్టండి, బటన్లన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో కూడా తెలిసిపోతుంది.