విహారనౌకలో పానీయాల ప్యాకేజీ: కొనడానికి ముందు వేయవలసిన లెక్క

అమెరికాలోని మయామీ, గాల్వెస్టన్ రేవుల నుంచి కరీబియన్ సముద్రంలోకి బయలుదేరే విహారనౌకల్లో తెలుగు కుటుంబాలు కనిపించడం ఇప్పుడు విశేషమేమీ కాదు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో స్థిరపడిన వారు, తమను చూసేందుకు వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వారం రోజుల సముద్రయానానికి వెళుతున్నారు. టికెట్టు కొన్న తరువాత ప్రయాణ సంస్థ నుంచి వరుసగా సందేశాలు వస్తాయి. పానీయాల ప్యాకేజీని ముందుగానే కొంటే ఓడలోని ధర కంటే తక్కువకు లభిస్తుందన్నది వాటి సారాంశం. రోజుకు ఇంత అని ఒక్కసారి చెల్లిస్తే, ఇక ప్రతి గ్లాసుకూ బిల్లు చూసుకోవలసిన పని ఉండదు. ఆ మాట వినసొంపుగానే ఉంటుంది. అయితే ఇద్దరికి వారం రోజులకు ఆ మొత్తం వెయ్యి డాలర్లు దాటే సందర్భాలు అనేకం. అంత సొమ్ము చెల్లించడం లాభమా, నష్టమా అన్నది కొద్దిపాటి కూడికలు, గుణకారాలతో ఇంట్లోనే తేల్చుకోదగిన విషయం.

టికెట్టులో ఉండేవి, ఉండనివి

విహారనౌక టికెట్టులో గది, ప్రధాన భోజనశాలలో ఆహారం, వినోద కార్యక్రమాలు కలిసి ఉంటాయి. మంచినీరు, టీ, సాధారణ కాఫీ, పాలు, నిమ్మరసం, ఉదయపు ఫలహారంతో ఇచ్చే పండ్ల రసాలు చాలా ఓడల్లో ఉచితం. మద్యం, శీతల పానీయాలు, యంత్రంపై తీసే ఎస్‌ప్రెస్సో తరహా కాఫీలు, సీసా నీరు, మద్యం లేని మాక్‌టెయిల్‌లు మాత్రం టికెట్టులోకి రావు. వాటికి విడిగా చెల్లించాలి.

సంస్థల ఆదాయంలో ఈ విడి చెల్లింపుల పాత్ర చిన్నది కాదు. రాయల్ కరీబియన్ గ్రూప్ 2023 సంవత్సరంలో ఆర్జించిన సుమారు 1,390 కోట్ల డాలర్లలో దాదాపు 31 శాతం టికెట్ల ద్వారా కాక, ఓడలో జరిగే అమ్మకాలు, ఇతర సేవల ద్వారా వచ్చింది. పానీయాలు, కేసినో, రేవుల్లో విహారయాత్రలు వంటివన్నీ ఇందులో భాగమే. టికెట్టు ధర ఆకర్షణీయంగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ప్యాకేజీలు సాధారణంగా మూడు రకాలు. మొదటిది శీతల పానీయాలకే పరిమితం. రెండవది కాఫీలు, మాక్‌టెయిల్‌లు, సీసా నీటితో కూడిన మద్యరహిత ప్యాకేజీ. మూడవది మద్యంతో సహా అన్నీ కలిసినది. ఖర్చు విషయంలో ఎక్కువగా ఆలోచించవలసింది ఈ మూడవ దాని గురించే.

ప్రకటనలో ధర, బిల్లులో ధర

ప్యాకేజీ ధర ఓడను బట్టి, ప్రయాణ తేదీని బట్టి మారుతుంది. ఉదాహరణకు రోజుకు 75 డాలర్లు అనుకుందాం. దీనిపై సేవా రుసుము అదనం. అమెరికా నుంచి నడిచే ప్రధాన సంస్థల్లో ఇది 18 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. 18 శాతం చొప్పున లెక్కిస్తే రోజుకు 88.50 డాలర్లు, ఏడు రోజులకు 619.50 డాలర్లు అవుతుంది. సముద్రంలో గడిపే రోజులకు మాత్రమే కొంటామంటే సాధారణంగా కుదరదు. మొత్తం ప్రయాణానికి కొనవలసిందే.

విడిగా కొనే పానీయాలపైనా ఇదే రుసుము పడుతుంది. 14 డాలర్ల కాక్‌టెయిల్ 16.52 డాలర్లు, 8 డాలర్ల బీరు 9.44 డాలర్లు అవుతాయి. ఈ లెక్కన ప్యాకేజీ గిట్టుబాటు కావాలంటే ఒక వ్యక్తి రోజుకు ఆరు కాక్‌టెయిల్‌లు లేదా పది బీర్లు తాగాలి. అదీ వరుసగా ఏడు రోజులు.

కొన్ని సంస్థలు టికెట్టుతోపాటు ప్యాకేజీని ‘ఉచితం’గా ఇస్తున్నట్లు ప్రకటిస్తాయి. అటువంటప్పుడు కూడా ప్యాకేజీ అసలు ధరపై సేవా రుసుమును ప్రయాణికుడే చెల్లించవలసి రావచ్చు. కాబట్టి ఉచితమన్న మాట దగ్గర ఆగకుండా చివరి మొత్తం వరకు చూడడం అవసరం.

ఒకరు కొంటే ఇద్దరూ కొనాలి

తెలుగు కుటుంబాలను ఎక్కువగా ఇబ్బంది పెట్టే నిబంధన మరొకటి ఉంది. ఒక గదిలో ఉన్న పెద్దల్లో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, అదే గదిలోని 21 ఏళ్లు నిండిన మిగతా వారు కూడా కొనాలని రాయల్ కరీబియన్, కార్నివాల్ వంటి సంస్థలు నియమం పెట్టాయి. ఒకరి ప్యాకేజీపై ఇద్దరు తాగకుండా చూడడం దీని ఉద్దేశం. భర్తకు మద్యం అలవాటు ఉండి, భార్య ముట్టని ఇళ్లలో ఈ నియమంతో లెక్క పూర్తిగా తారుమారవుతుంది.

ఒక జంటను తీసుకుందాం. భర్త రోజుకు రెండు బీర్లు, రెండు కాక్‌టెయిల్‌లు, ఒక ప్రత్యేక కాఫీ, ఒక శీతల పానీయం, ఒక సీసా నీరు తీసుకుంటారు. కాఫీ 5 డాలర్లు, శీతల పానీయం, నీరు మూడున్నర డాలర్ల చొప్పున ఉంటే, సేవా రుసుముతో కలిపి ఆయన ఖర్చు రోజుకు 66.08 డాలర్లు. భార్య ఒక కాఫీ, 9 డాలర్ల మాక్‌టెయిల్ ఒకటి, ఒక సీసా నీరు తీసుకుంటే ఆమె ఖర్చు 20.65 డాలర్లు. ఇద్దరికీ కలిపి ఏడు రోజులకు 607 డాలర్లు. అదే ప్యాకేజీ కొంటే 1,239 డాలర్లు. తేడా 632 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు అనుకుంటే దాదాపు 57 వేల రూపాయలు. రోజుకు నాలుగు మద్య పానీయాలంటే తక్కువేమీ కాదు. అయినా ఆ జంటకు ప్యాకేజీ రెట్టింపు ఖర్చుగానే తేలుతోంది.

మద్యం తీసుకోని వ్యక్తికి బదులుగా మద్యరహిత ప్యాకేజీ ఇవ్వమని ముందుగా అడిగితే అంగీకరించే సంస్థలూ ఉన్నాయి. ఆరోగ్య కారణాలు ఉన్నవారు, గర్భిణులు ప్రయాణానికి ముందే ఫోనులో సంప్రదించడం మేలు. పెద్ద కుటుంబం రెండు మూడు గదులు తీసుకునేటప్పుడు ఎవరు ఏ గదిలో ఉండాలన్నది కూడా ఈ నియమాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించుకోవచ్చు.

రేవులో ఆగిన రోజులు

ఏడు రోజుల కరీబియన్ ప్రయాణంలో మూడు నాలుగు రోజులు ఓడ ఏదో ఒక రేవులో ఆగుతుంది. కోజుమెల్ లేదా నసావులో దిగినవారు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తారు. ఒడ్డున ఉన్న హోటళ్లలో ఓడ ప్యాకేజీ చెల్లదు. సంస్థల సొంత దీవుల్లో కొన్నిచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల చెల్లదు.

మూడు రేవు రోజుల్లో ఒక ప్రయాణికుడు రోజుకు మూడు కాక్‌టెయిల్‌లకే పరిమితమైతే, చెల్లించిన దానిలో రోజుకు సుమారు 39 డాలర్లు వృథా అవుతాయి. ఆ లోటును మిగతా నాలుగు రోజుల్లో పూడ్చాలంటే రోజుకు ఏడుకు పైగా కాక్‌టెయిల్‌లు తాగాలి. గిట్టుబాటు లెక్క ఇక్కడికి వచ్చేసరికి ఆరోగ్యం లెక్కగా మారుతుంది.

పరిమితులూ లేకపోలేదు. కార్నివాల్ ప్యాకేజీలో 24 గంటల్లో 15 మద్య పానీయాలకు మించి ఇవ్వరు. నిర్ణీత ధరకు మించిన ఖరీదైన పానీయానికి తేడా సొమ్ము చెల్లించాలి. తన పేరుతో తీసుకున్న గ్లాసును మరొకరికి ఇవ్వడాన్ని నిబంధనలు అంగీకరించవు.

ముందే చెల్లిస్తే మనసు చేసే లెక్క

ఇన్ని అంకెలు తెలిసినా ప్యాకేజీ వైపు మొగ్గు చూపడానికి కారణం ఏమిటి? ఆర్థికవేత్తలు స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికె మల్మెండియర్ 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనిపై వెలుగు ప్రసరిస్తుంది. వారు అమెరికాలోని మూడు వ్యాయామశాలల్లో 7,752 మంది సభ్యుల హాజరును పరిశీలించారు. నెలకు 70 డాలర్లకు పైగా చెల్లించే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు. పది రాకల పాసు తీసుకొని ఉంటే ఒక్కో రాకకు 10 డాలర్లే అయ్యేది. భవిష్యత్తులో తామెంత వాడుకుంటామో మనుషులు ఎక్కువగా ఊహించుకుంటారని ఈ ఫలితం సూచించింది.

రెండవ పొరపాటు సొమ్ము చెల్లించిన తరువాత మొదలవుతుంది. మనస్తత్వ పరిశోధకులు హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రకటించిన ప్రయోగంలో, నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. డబ్బు పెట్టాం కనుక వాడుకోవాలన్న పట్టుదల అది.

నాటకం విషయంలో ఆ పట్టుదల హాని చేయదు. మద్యం విషయంలో చేస్తుంది. ఓడ ఎక్కక ముందు ఎక్కువ తాగుతామని ఊహించి కొనడం, ఎక్కిన తరువాత కొన్నందుకు తాగడం అనే రెండు పొరపాట్లు ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యపాన స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడే పెద్దలకు మద్యం వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయే అవకాశం ఉంది. కొడుకు కొన్న ప్యాకేజీ వృథా పోకూడదని తండ్రి మరో గ్లాసు అందుకోవడం ఏ విధంగానూ పొదుపు కాదు.

ఎవరికి లాభం

ప్యాకేజీ అందరికీ నష్టమని చెప్పడం కూడా సరికాదు. గదిలోని ఇద్దరికీ రోజుకు అయిదారు పానీయాల అలవాటు ఉన్నప్పుడు, ప్రయాణంలో రేవుల కంటే సముద్రపు రోజులే ఎక్కువగా ఉన్నప్పుడు, ధరలో మంచి తగ్గింపు లభించినప్పుడు అది లాభించవచ్చు. ఖర్చు ఎంతో ముందే తెలిసి ఉండడం కొందరికి నిశ్చింతనిస్తుంది. ఆ నిశ్చింతకూ విలువ ఉంది. అది వంద డాలర్లా, ఆరు వందల డాలర్లా అన్నది మాత్రం ఎవరికి వారు తేల్చుకోవాలి.

పిల్లలకు శీతల పానీయాల ప్యాకేజీ రోజుకు రుసుముతో సహా సుమారు 15 డాలర్లు అనుకుంటే, రోజుకు నాలుగు గ్లాసులు తాగితేనే గిట్టుతుంది. నాలుగు గ్లాసుల తీపి పానీయం పిల్లలకు అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం తల్లిదండ్రులకు తెలిసినదే.

భారత తీరంలో

ఈ లెక్క విదేశాలకే పరిమితం కాదు. ముంబయి కేంద్రంగా కార్డీలియా సంస్థ 2021లో నౌకాయానాలు ప్రారంభించింది. విశాఖపట్నంలో 2023 సెప్టెంబర్ 4న అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఈ రంగాన్ని విస్తరించేందుకు కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్ 30న క్రూయిజ్ భారత్ మిషన్‌ను చేపట్టింది. మన తీరంలో రెండు మూడు రాత్రుల ప్రయాణాలే ఎక్కువ. రెండు రాత్రుల ప్రయాణంలో మొదటి రోజు మధ్యాహ్నం ఓడ ఎక్కి, మూడో రోజు ఉదయం దిగితే చేతికి దక్కేది ఒక్క పూర్తి రోజే. అటువంటప్పుడు విడిగా కొనుక్కోవడమే చాలామందికి చవక.

కొనే ముందు

మొదట, ఇంటి వద్ద సెలవు రోజున నిజంగా ఎన్ని పానీయాలు తీసుకుంటారో ఒక కాగితం మీద రాసుకోవాలి. దానిని ఓడలోని ధరలతో గుణించి, సేవా రుసుము కలపాలి. గదిలోని ప్రతి వ్యక్తికీ ఇదే లెక్క విడిగా వేయాలి. రేవు రోజులకు తగ్గించుకోవాలి. ఆ మొత్తాన్ని ప్యాకేజీ చివరి ధరతో పోల్చాలి. భారతీయ కార్డుతో డాలర్లలో చెల్లిస్తే బ్యాంకు విధించే విదేశీ మారక రుసుమునూ కలుపుకోవాలి.

పలు సంస్థలు ఒక్కొక్క పెద్దకు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి ఓడ ఎక్కే రోజున వెంట తెచ్చుకోనిస్తాయి. ఖాళీ నీళ్ల సీసా ఒకటి తీసుకెళ్తే సీసా నీటి ఖర్చు తప్పుతుంది. ముందుగా కొన్న ప్యాకేజీ ధర తరువాత తగ్గితే, గడువులోగా దానిని రద్దు చేసుకొని కొత్త ధరకు కొనే అవకాశమూ చాలాచోట్ల ఉంది. లెక్క రెండు వైపులా దాదాపు సమానంగా వస్తే కొనకపోవడమే మంచిది. విడిగా కొనేవారు రెండో గ్లాసు వద్దనుకున్న రోజున ఆ సొమ్ము వారి వద్దే మిగులుతుంది.