సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్‌తో ట్రైలర్ లాగాలా? ముందు డ్రైవర్ డోర్ తెరిచి చూడండి

అమెరికాలో ఉన్న మన వాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బ్రో, క్యాంపింగ్ ట్రైలర్ తీసుకుందాం అనుకుంటున్నాం. దాన్ని లాగడానికి సెకండ్ హ్యాండ్‌లో ఏ పికప్ కొనొచ్చు? ఎఫ్-150నా, సిల్వరాడోనా, ర్యామా, టండ్రానా?" ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

ముందే చెప్పేస్తున్నా, నేను బ్రాండ్ పేరు చెప్పను. ఎందుకంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సంవత్సరం ట్రక్కులు రెండు పక్కపక్కన పెడితే, ఒకటి మీ ట్రైలర్‌ని హాయిగా లాగొచ్చు, రెండోది అసలు లాగకూడదు. ఆ తేడా ఎక్కడ రాసి ఉంటుందో చూపిస్తా.

ఇండియా నుంచి చూస్తున్న వాళ్ళకి ఒక్క మాట. మన దగ్గర పికప్ అంటే కూరగాయలు, సిమెంట్ బస్తాలు వేసుకెళ్ళే బొలేరో గుర్తొస్తుంది. ఇక్కడ పికప్ అంటే ఐదుగురు కూర్చునే ఇంటి బండి కూడా. వారమంతా ఆఫీసుకి, శని ఆదివారాలు వెనకాల ట్రైలర్ తగిలించుకుని లేక్ దగ్గరికి.

యాడ్‌లో నంబర్ వేరు, డోర్ మీద నంబర్ వేరు

సెల్లర్ యాడ్‌లో పెద్దగా రాస్తాడు, "టోయింగ్ కెపాసిటీ 9,000 పౌండ్లు" అని. మన ట్రైలర్ సామాన్లతో కలిపి 6,000 పౌండ్లు, అంటే దాదాపు 2,700 కిలోలు. ఇంకేం, 3,000 పౌండ్లు మిగిలే ఉన్నాయి కదా అనుకుంటాం. ఇక్కడే బోల్తా పడతాం.

మనం సాఫ్ట్‌వేర్‌లో ఏమంటాం? సిస్టమ్ స్పీడ్ అంటే అందులో అన్నిటికంటే స్లోగా ఉన్న భాగం స్పీడే. బాటిల్‌నెక్ అంటాం. ఇంటి బండిగా వాడే పికప్‌లో చాలాసార్లు ఆ బాటిల్‌నెక్ టోయింగ్ కెపాసిటీ కాదు, పేలోడ్. అంటే ట్రక్కు తన వీపు మీద మోయగలిగే బరువు. లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ బరువులో కొంత భాగం ట్రక్కు వీపు మీదే పడుతుంది. ఆ సంగతి మర్చిపోతాం.

డ్రైవర్ డోర్ తెరవండి. డోర్ మూసుకునే చోట, పిల్లర్ మీద, టైర్ ప్రెషర్ రాసి ఉండే స్టిక్కర్ ఒకటి ఉంటుంది. దాని మీద ఒక లైన్: మనుషులు, సామాన్లు కలిపి బరువు ఎప్పుడూ ఇన్ని పౌండ్లు దాటకూడదు. అదే ఆ ట్రక్కు అసలు పేలోడ్. ఆ మోడల్‌కి కాదు, సరిగ్గా ఆ బండికి. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద వీల్స్, లెదర్ సీట్లు, ఇలా లగ్జరీ పెరిగేకొద్దీ బండి బరువు పెరుగుతుంది, ఈ నంబర్ తగ్గుతుంది. అందుకే చాలాసార్లు టాప్ ఎండ్ బండి కంటే సాదా బండే ఎక్కువ మోస్తుంది. పాత ఓనర్ తర్వాత స్టీల్ బంపరో, బెడ్ కవరో పెట్టించి ఉంటే ఆ బరువు కూడా మనమే తీసేసుకోవాలి.

ఒక ఫ్యామిలీ లెక్క వేద్దాం

డోర్ మీద 1,500 పౌండ్లు అని ఉంది అనుకుందాం. ట్రైలర్ 6,000 పౌండ్లు. అందులో 13 శాతం హిచ్ మీద పడుతుంది అనుకుంటే 780. మొగుడు, పెళ్ళాం, ఒక చిన్న పాప కలిపి 370. ట్రైలర్‌ని పట్టుకునే హిచ్ సామాను 80. వెనక బెడ్‌లో ఐస్ బాక్స్, చిన్న జనరేటర్, టూల్స్, కుర్చీలు 200. మొత్తం 1,430. ఇంకా 70 పౌండ్లు మిగిలాయి. ఓకే, పాస్.

ఇప్పుడు ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. సమ్మర్‌లో వాళ్ళని ఎల్లోస్టోన్ తీసుకెళ్దాం అనుకున్నారు. ఇద్దరూ కలిపి 300 పౌండ్లు. మొత్తం 1,730. అంటే 230 పౌండ్లు ఓవర్‌లోడ్. సీట్లు ఐదూ సరిపోయాయి, ఇంజిన్ లాగుతోంది, యాడ్‌లో చెప్పిన 9,000 దరిదాపుల్లోకి కూడా పోలేదు. అయినా బండి ఓవర్‌లోడ్. వెనక టైర్లు, స్ప్రింగులు, యాక్సిల్ తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ మోస్తున్నాయి. అది కూడా ఇంట్లో వాళ్ళందరూ బండిలో ఉన్నప్పుడు.

ఇంకో విషయం. కంపెనీలు టో రేటింగ్ ఇవ్వడానికి వాడే స్టాండర్డ్ పేరు ఎస్ఏఈ జే2807. అందులో డ్రైవర్ 150 పౌండ్లు, పక్కన ఒక ప్యాసింజర్ 150 పౌండ్లు అని లెక్క వేస్తారు. ఐదుగురు మనుషులు, బెడ్ నిండా సామాన్లు ఆ లెక్కలో లేవు. కంపెనీ అబద్ధం చెప్పలేదు. మన ఫ్యామిలీ ఆ టెస్ట్‌లో లేదు, అంతే.

ట్రైలర్ బరువు కూడా జాగ్రత్త. డీలర్ చెప్పే డ్రై వెయిట్ అంటే నీళ్ళు, గ్యాస్, బట్టలు, వంట సామాన్లు ఏవీ లేకుండా ఉన్న ఖాళీ బరువు. మనం ఖాళీ ట్రైలర్‌తో క్యాంపింగ్‌కి పోం కదా. ట్రైలర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని రాసి ఉంటుంది, అంటే నిండుగా లోడ్ చేస్తే గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు అని. లెక్క ఎప్పుడూ దానితోనే వేయండి.

ఎద్దుల బండి సూత్రం

మరి ఆ 13 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? మామూలు ట్రైలర్‌కి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ మీద పడాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. మన ఊళ్ళో ఎద్దుల బండి చూసిన వాళ్ళకి ఇది చటుక్కున అర్థమవుతుంది. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. అన్నీ ముందుకి వేస్తే ఎద్దుల మెడ విరిగిపోతుంది. ఇక్కడా అంతే. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ హైవే మీద తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది, దాన్నే స్వే అంటారు. ముందు బరువు మరీ ఎక్కువైతే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

స్వే మొదలైందంటే ట్రక్కు బ్రేక్ గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉంటే చేత్తో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ఈ ఒక్క పాయింట్ గుర్తుంచుకున్నా ఈ ఎపిసోడ్ చూసినందుకు లాభమే.

ఒకే పేరు, వేరే వేరే సత్తా

సరే, డోర్ స్టిక్కర్ పాస్ అయింది. తర్వాత మూడు చూడాలి.

ఒకటి, యాక్సిల్ రేషియో. 3.31, 3.55, 3.73 ఇలా ఉంటాయి. గేర్ల సైకిల్ తొక్కారు కదా, అదే లాజిక్. నంబర్ పెద్దదైతే లాగే బలం ఎక్కువ, పెట్రోల్ ఖర్చు కూడా కాస్త ఎక్కువ. దీని వల్ల ఒకే ఇంజిన్ ఉన్న రెండు ట్రక్కుల టో రేటింగ్‌లో వేల పౌండ్ల తేడా రావొచ్చు. ఫోర్డ్ ప్రతి సంవత్సరం టోయింగ్ గైడ్ పీడీఎఫ్ ఇస్తుంది. మీరు చూసే బండి ఏ ఇయర్ అయితే ఆ ఇయర్ గైడ్ డౌన్‌లోడ్ చేసి ఇంజిన్, క్యాబ్, యాక్సిల్ మ్యాచ్ చేసుకోండి.

రెండు, టో ప్యాకేజ్. వెనక హిచ్ కనిపించినంత మాత్రాన టో ప్యాకేజ్ ఉన్నట్టు కాదు. హిచ్ ఎవరైనా బయట కొని బిగించొచ్చు. ఫ్యాక్టరీ ప్యాకేజ్‌లో అయితే 7 పిన్నుల కరెంటు కనెక్టర్, మోడల్‌ని బట్టి అదనపు కూలింగ్ లాంటివి కూడా వస్తాయి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మాత్రం కొన్నిట్లో విడిగా తీసుకోవాల్సిన ఆప్షన్, ఉందో లేదో డ్యాష్‌బోర్డ్ మీద చూడండి.

మూడు, హిచ్ మీద ఉన్న లేబుల్. కింద వంగి చూడండి. చాలా ఎఫ్-150ల మీద మామూలుగా తగిలిస్తే 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ వరకే అని ఉంటుంది. అంతకంటే ఎక్కువైతే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడాలి. అది హిచ్ మీద పడిన బరువుని కొంత ముందు చక్రాలకి, కొంత ట్రైలర్ చక్రాలకి పంచుతుంది. కానీ డోర్ స్టిక్కర్ మీద ఉన్న నంబర్‌ని మాత్రం పెంచదు.

ట్రైలర్ బ్రేకుల రూల్ స్టేట్ స్టేట్‌కి మారుతుంది. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలి, కాలిఫోర్నియాలో 1,500 నుంచే. కాలిఫోర్నియాలో ఇంకోటి, ట్రైలర్ లాగుతుంటే స్పీడ్ లిమిట్ గంటకి 55 మైళ్ళే.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చేసే చెకింగ్

సెల్లర్‌ని మూడు ఫోటోలు అడగండి: డోర్ స్టిక్కర్, విన్ నంబర్, టైటిల్ పేపర్. పంపనని సాగదీస్తే ఆ బండి వదిలేయండి, ట్రక్కులకి ఇక్కడ కరువు లేదు. 17 అక్షరాల విన్ నంబర్‌ని ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొడితే పెండింగ్ రీకాల్స్ ఫ్రీగా కనిపిస్తాయి. ఎన్‌ఐసీబీ వాళ్ళ విన్‌చెక్‌లో దొంగ బండా, ఇన్సూరెన్స్ వాళ్ళు సాల్వేజ్ అని తేల్చేసిన బండా అన్నది ఫ్రీగా చూడొచ్చు. ఆ తర్వాతే డబ్బులు కట్టి కార్‌ఫ్యాక్స్ తీయండి. టైటిల్ మీద సాల్వేజ్, రీబిల్ట్, ఫ్లడ్ అని ఉంటే లాగే పనికి ఆ బండి వద్దు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో బండ్లు నీళ్ళలో మునిగాయి. అలాంటి బండ్లు వేరే స్టేట్లకి చేరి అమ్ముడవుతుంటాయి.

బండి దగ్గరికి వెళ్ళాక

ముందు కింద దూరి ఫ్రేమ్ చూడండి. ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ లాంటి చోట్ల మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది ఫ్రేమ్‌ని తినేస్తుంది. ఇదేం చిన్న విషయం కాదు. టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేమ్ తుప్పు కేసులో టొయోటా 2016లో ఒప్పుకున్న సెటిల్‌మెంట్ విలువ 340 కోట్ల డాలర్ల వరకు అని అంచనా వేశారు. పైన పైన తుప్పు పర్లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులు ఊడుతున్నా, చిల్లు పడుతున్నా వెనక్కి తిరిగి వచ్చేయండి.

రెండోది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని సెల్లర్‌కి ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ ముట్టుకుని చూడండి. కొన్ని ఇంజిన్ల రోగాలు మొదటి అర నిమిషంలోనే టకటకమని వినపడతాయి, వేడెక్కాక దాక్కుంటాయి. 2004 నుంచి 2010 వరకు ఎఫ్-150లో వచ్చిన 5.4 లీటర్ త్రీ వాల్వ్ ఇంజిన్‌లో క్యామ్ ఫేజర్ల సమస్య, సిలిండర్లు ఆపేసే టెక్నాలజీ ఉన్న జీఎం 5.3లో లిఫ్టర్ల సమస్య మెకానిక్‌లందరికీ తెలిసినవే.

మూడోది, బ్లూటూత్ ఓబీడీ స్కానర్. చిన్న ప్లగ్, రేటు కూడా తక్కువే. 1996 నుంచి ఇక్కడ అమ్మిన కార్లు, ఇలాంటి ట్రక్కులన్నిటికీ ఆ పోర్ట్ ఉంటుంది. ఫోన్‌లో యాప్ ఓపెన్ చేసి ఎర్రర్ కోడ్స్ ఒక్కటే కాదు, రెడీనెస్ మానిటర్స్ కూడా చూడండి. చాలా వరకు "నాట్ రెడీ" అని వస్తే, మీరు వచ్చే ముందు ఎవరో కోడ్స్ చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. లాగ్స్ డిలీట్ చేసి ప్రొడక్షన్ అంతా బాగుంది అన్నట్టన్నమాట.

నాలుగు, ట్రాన్స్‌మిషన్. బరువు లాగితే ముందు దెబ్బ పడేది దానికే. ఫ్లూయిడ్ నల్లబడినా, మాడు వాసన వచ్చినా వద్దు. చాలా కొత్త బండ్లలో ఫ్లూయిడ్ చూసే కడ్డీ మనకి అందదు, కాబట్టి మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి చెక్ చేయించండి. బెడ్‌లో గూస్‌నెక్ కోసం కొట్టిన రంధ్రాలు, సాగిపోయిన హిచ్ పిన్ను రంధ్రం, కుంగిన వెనక భాగం కనపడితే ఆ బండి బాగా బరువులు లాగిందని అర్థం. లాగడం నేరం కాదు, సర్వీస్ రికార్డులు లేకుండా లాగడం అసలు సమస్య.

ఆఖరి మాట

కొన్నాక మొదటి ట్రిప్‌కి ముందు హైవే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద బండిని తూకం వేయండి. వాళ్ళ యాప్‌తో ఫోన్ నుంచే అయిపోతుంది, ఒక్కో యాక్సిల్ బరువు విడిగా ఇస్తారు. ఫ్యామిలీ, సామాన్లు, ట్రైలర్ అన్నీ ఉన్నప్పుడు ఒకసారి, ట్రైలర్ తీసేసి ఒకసారి. అప్పుడు మీ లెక్క అంచనా కాదు, నిజం.

ఆ లెక్కలో దాటుతుంటే మూడు దారులున్నాయి. చిన్న ట్రైలర్ తీసుకోవడం, బెడ్‌లో సామాన్లు తగ్గించడం, లేదా 1500 క్లాస్ వదిలి 2500 క్లాస్ ట్రక్కుకి వెళ్ళడం. అమ్మానాన్నని ఇంట్లో వదిలేసి వెళ్ళడం మాత్రం ఆప్షన్ కాదు కదా! అందుకే ట్రక్కు కొనే ముందే వాళ్ళని కూడా లెక్కలో కలపండి.

ట్రక్కు వెతుకుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ ఇచ్చేయకముందే ఈ ఎపిసోడ్ షేర్ చేయండి. మళ్ళీ ఇంకో టాపిక్‌తో కలుద్దాం. అంతవరకు సేఫ్‌గా డ్రైవ్ చేయండి. బై.