రాజును అడిగిన యెషయా, ప్రభుత్వాన్ని అడిగే పార్లమెంటు

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఒకసారి శ్రద్ధగా వినండి. అమెరికాలో ఉన్న కుమారుని వీసా కోసం, సౌదీలో జీతం ఆగిపోయిన భర్త కోసం, కువైట్‌లో ఇంటిపని చేస్తున్న తల్లి కోసం మనవులు వస్తుంటాయి. యుద్ధం మధ్య ఇజ్రాయెల్‌లో వృద్ధులకు సేవ చేస్తున్న సహోదరి పేరు కూడా వినిపిస్తుంది. ఈ మనవుల వెనుక మన ప్రభుత్వానికీ మరో దేశపు ప్రభుత్వానికీ మధ్య జరిగే మాటలున్నాయి. ఆ మాటలు సరిగా జరుగుతున్నాయో లేదో అడిగేదెవరు? మనం దేవుని సన్నిధిలో అడుగుతాం, అది మానకూడదు. కాని ప్రభుత్వాన్ని నిలబెట్టి అడగడానికి మన దేశంలో ఏర్పాటైన చోటు పార్లమెంటు. అక్కడ ఎలా అడుగుతారు, ఎంతవరకు అడగగలరు, ఇందులో సంఘం చేయవలసిన పని ఏమిటి అనేవి ఈ వారం ఆలోచిద్దాం.

యెషయా వేసిన మూడు ప్రశ్నలు

ఇలాంటి సంఘటన ఒకటి వాక్యంలోనే ఉంది. యూదా రాజైన హిజ్కియా జబ్బుపడి కోలుకున్నాడని విని బబులోను రాజు అతని దగ్గరకు రాయబారులను పంపాడు. హిజ్కియా సంబరపడి తన ఖజానా, ఆయుధశాల ఏదీ దాచకుండా వారికి చూపించాడు (2 రాజులు 20, యెషయా 39). వారు వెళ్లిన తరువాత యెషయా వచ్చి రాజును మూడు సంగతులు అడిగాడు. వచ్చినవారు ఏమి మాట్లాడారు, ఏ దేశం నుండి వచ్చారు, నీ ఇంట్లో ఏమేమి చూశారు అన్నవే ఆ మూడూ.

రాజు కోపగించుకోలేదు. ఇది నీకెందుకు అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. యెషయా హిజ్కియాకు శత్రువు కాడని కూడా గుర్తుంచుకోవాలి. అష్షూరు సైన్యం యెరూషలేము మీదికి వచ్చినప్పుడు రాజును ధైర్యపరచినవాడు ఆయనే. అలా మేలు కోరినవాడే రాజును అడిగాడు. విదేశాలతో వ్యవహారం గురించి ప్రభుత్వాన్ని ప్రశ్నించడం దేశద్రోహమన్నట్టు మాట్లాడేవారు ఈ అధ్యాయం చదవాలి.

రాజ్యాంగం ఏమి చెబుతోంది

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనూ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న మన యువతకు ఈ అధికరణలు కంఠస్థమే. సంఘంలోని పెద్దలకు కూడా ఇవి తెలియాలి.

విదేశీ వ్యవహారాలు, ఇతర దేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలోని 10, 14 అంశాలు. అంటే అవి రాష్ట్రాల చేతిలో లేవు. 73వ అధికరణ ప్రకారం ఈ విషయాల్లో కార్యనిర్వాహక అధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఒప్పందాన్ని అమలుచేయడానికి చట్టం అవసరమైతే 253వ అధికరణ కింద పార్లమెంటు ఆ చట్టం చేస్తుంది. అయితే మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని 75వ అధికరణ చెబుతోంది. నిర్ణయం ప్రభుత్వానిది, లెక్క అడిగే హక్కు సభది.

అమెరికాలో ఒక ఒప్పందానికి సెనెట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. మన దేశంలో అలాంటి నియమం లేదు. దేశ భూభాగం మారితేనో, చట్టం మార్చవలసి వస్తేనో తప్ప ఒప్పందం పార్లమెంటు ఓటుకు రానక్కరలేదు. 2015లో బంగ్లాదేశ్‌తో సరిహద్దు గ్రామాల మార్పిడికి 100వ రాజ్యాంగ సవరణ చేయవలసి వచ్చింది, ఎందుకంటే అక్కడ భూమి చేతులు మారింది. అమెరికాతో అణు ఒప్పందం మాత్రం ఒప్పందంగా ఓటుకు రాలేదు. దాని మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోవడంతో 2008 జూలై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడి, 275-256 ఓట్లతో గట్టెక్కింది. ఒప్పందం మీద ఓటు లేకపోయినా, ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్న ఓటు సభ చేతిలో ఉంది.

పార్లమెంటు ఎప్పుడూ ప్రభుత్వానికి ఎదురు నిలబడుతుందనీ కాదు. మన తెలుగువాడైన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1994 ఫిబ్రవరి 22న ఉభయసభలూ జమ్మూ కశ్మీర్‌పై ఏకగ్రీవ తీర్మానం చేశాయి. అదే సంవత్సరం జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ముందుకు కశ్మీర్ విషయం వచ్చినప్పుడు, పి.వి. మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజపేయిని పంపారు. ప్రతిపక్షాన్ని నమ్మి లోపలికి తీసుకున్న ప్రభుత్వం దేశం బయట బలంగా మాట్లాడగలిగింది.

ప్రశ్నకు ఉన్న బలం

సభ్యుల చేతిలో ఉన్న మొదటి సాధనం ప్రశ్న. లోక్‌సభలో ఉదయం 11 గంటలకు, రాజ్యసభలో మధ్యాహ్నం 12 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. మామూలుగా ముందే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలు నక్షత్రపు గుర్తు ఉన్నవి. వీటికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. మిగిలిన 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. మంత్రి ఏదైనా చేస్తామని సభలో మాట ఇస్తే, అది నెరవేరిందో లేదో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. హామీ నెరవేర్చడానికి గడువు మూడు నెలలు.

ఇందువల్ల మనకేమి లాభమని అడగవచ్చు. 2024 మార్చిలో మన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా సైన్యం తరఫున చనిపోయాడని మాస్కోలోని మన ఎంబసీ తెలిపింది. సహాయకుల ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు ఇలాంటి యువకులను పంపారు. ఇలా ఎంతమంది వెళ్లారన్న ప్రశ్న లోక్‌సభలో వచ్చింది. 2024 ఆగస్టు 9న విదేశాంగ మంత్రి జైశంకర్ లెక్క చెప్పారు. సైన్యంలో చేరినవారు 91 మంది, చనిపోయినవారు 8 మంది, విడుదలైనవారు 14 మంది, ఇంకా విడుదల కావలసినవారు 69 మంది. అంతవరకు ప్రతి కుటుంబం తమ బిడ్డ ఒక్కడే చిక్కుకున్నాడేమో అనుకుంటూ విడివిడిగా ఏడ్చింది. సభలో లెక్క వచ్చాక అది ఇన్ని కుటుంబాల సమస్య అని దేశానికి తెలిసింది.

ప్రశ్న చాలాకాలం అడగవలసి రావచ్చు. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్‌లో తీవ్రవాదుల చేతికి చిక్కిన 39 మంది భారతీయ కార్మికుల గురించి సభలో ఏళ్ల తరబడి అడిగారు. వారు చనిపోయారనడానికి రుజువు లేదని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. చివరకు 2018 మార్చి 20న సుష్మా స్వరాజ్ రాజ్యసభలో నిలబడి, ఆ 39 మందీ మరణించారని చెప్పారు. భరించలేని మాట అది. అయినా నాలుగేళ్లు గుమ్మంవైపు చూసిన తల్లులకు నిజం చెప్పవలసిన బాధ్యతను ఆ సభ మరచిపోనివ్వలేదు.

క్రైస్తవులకు బాగా గుర్తుండే పేర్లు మరో రెండు. అఫ్గానిస్తాన్‌లో 2014లో అపహరణకు గురైన జెస్విట్ గురువు అలెక్సిస్ ప్రేమ్ కుమార్ 2015 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. యెమెన్‌లోని ఏడెన్‌లో 2016 మార్చి 4న నలుగురు మిషనరీస్ ఆఫ్ చారిటీ సిస్టర్లను చంపి, ఫాదర్ టామ్ ఉళున్నాలిల్‌ను ఎత్తుకుపోయారు. ఒమాన్ సహాయంతో ఆయన 2017 సెప్టెంబరు 12న బయటపడ్డారు. ఆ నెలల్లో సంఘాలు మోకరించాయి, ఎంపీలు అడిగారు, దౌత్యాధికారులు తెరవెనుక పనిచేశారు. వీటిలో ఏ ఒక్కటీ రెండోదానికి బదులు కాదు.

అమెరికా విషయంలోనూ అంతే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి, కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించినప్పుడు బాధితుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. మన ప్రభుత్వం అమెరికాకు అభ్యంతరం తెలిపింది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దింపింది. వారిని సంకెళ్లతో తెచ్చారన్న విషయం మీద సభలో గొడవ జరగడంతో మరునాడే విదేశాంగ మంత్రి రాజ్యసభలో ప్రకటన చేశారు. 2009 నుంచి ఏ సంవత్సరం ఎంతమందిని తిప్పిపంపారో లెక్క చెప్పారు. ఆ జవాబుతో అందరూ తృప్తిపడలేదు. అయినా జవాబు చెప్పకుండా ఉండడం మాత్రం కుదరలేదు.

తలుపులు మూసి చేసే పని

టీవీలో కనిపించేది అరుపులు. కనిపించని పని స్టాండింగ్ కమిటీలో జరుగుతుంది. 1993లో ఏర్పడిన ఈ పద్ధతిలో విదేశీ వ్యవహారాలకు ఒక కమిటీ ఉంది. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు. మంత్రులు ఇందులో ఉండరు. 2024 నుంచి ప్రతిపక్ష సభ్యుడు శశి థరూర్ అధ్యక్షుడు. విదేశాంగ శాఖ అడిగిన డబ్బు దేనికో, ఎంబసీల్లో సిబ్బంది చాలినంత ఉన్నారో లేదో కమిటీ పరిశీలిస్తుంది. అధికారులను పిలిచి గది తలుపులు మూసి అడుగుతుంది, అందుకే అక్కడ పార్టీ గోడలు కాస్త తగ్గుతాయి.

గల్ఫ్ కుటుంబాలకు ఈ కమిటీ పని ముఖ్యం. పదో తరగతి పాసవ్వనివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న పద్ధతి 1983 వలస చట్టం నుంచి వచ్చింది. నాటి కాలం వేరు, నేటి మోసాలు వేరు. ఆ పాత చట్టం స్థానంలో కొత్తది తేవాలని కమిటీ మళ్లీ మళ్లీ అడుగుతోంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ఇళ్లలో ఎదురుచూస్తున్న భార్యలకు ఇది ఢిల్లీ కబురు కాదు, ఇంటి కబురే.

ఈ సాధనాలకు హద్దులు లేకపోలేదు. కమిటీ సిఫారసును ప్రభుత్వం తప్పక పాటించాలన్న నియమం లేదు. దేశ భద్రత పేరు చెప్పి మంత్రి జవాబు తప్పించుకోవచ్చు. కొన్నిసార్లు అది న్యాయమే, కొన్నిసార్లు సాకే. సభ గొడవలతో వాయిదా పడినప్పుడు మొదట పోయేది ప్రశ్నోత్తరాల సమయమే. ఏ పార్టీ వల్ల పోయినా నష్టపోయేది ప్రార్థన మనవి రాసి ఇచ్చిన ఆ తల్లే.

సంఘం ఏమి చేయాలి

పరాయి ఊళ్లో బిడ్డ ఆపదలో పడితే ఇంటివారు మొదట ఫోన్ చేసేది చాలాసార్లు పాస్టరుగారికే. కాబట్టి ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఈ దారి తెలిసినవారుండాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు, యజమాని వివరాలు, పంపిన ఏజెంటు, చివరిసారి మాట్లాడిన తేదీ శుభ్రంగా రాసిపెట్టండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ తరువాత ఎంపీకి లేఖ రాయండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. ఇక్కడి ఎంపీ జి.కిషన్‌రెడ్డి కేంద్ర మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు, జవాబిస్తారు. అయినా విదేశాంగ శాఖకు మన లేఖను చేరవేయగలరు. ప్రశ్న వేయించాలంటే తెలంగాణకు లోక్‌సభలో 17 మంది, రాజ్యసభలో ఏడుగురు సభ్యులున్నారు. ఏ పార్టీవారైనా అడగవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన భయంకరమైన వార్తను సంఘం గ్రూపులో పెట్టేముందు, దానిమీద పార్లమెంటులో ఏమి చెప్పారో సంసద్ వెబ్‌సైటులో చూడండి.

మన విజ్ఞాపన మనవారి దగ్గరే ఆగకూడదు. 2025 నవంబరులో మదీనా దగ్గర బస్సు ప్రమాదంలో మరణించిన 45 మంది ఉమ్రా యాత్రికుల్లో ఎక్కువమంది హైదరాబాద్ వారే. వారి కుటుంబాలకు కూడా ఎంబసీ, ప్రభుత్వం, అడిగే ఎంపీ అవసరమయ్యారు. అధికారంలో ఉన్నవారి కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన పౌలే, సైనికులు కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమా పౌరుడినని చెప్పి తన హక్కు అడిగాడు (అపొస్తలుల కార్యములు 22). ప్రార్థించే నోరు హక్కు అడగకూడదని ఆయన అనుకోలేదు.

హిజ్కియా కథలో చివరి మాట మనం తరచుగా దాటవేస్తాం. నీ సంతతిలో కొందరిని బబులోనుకు తీసుకుపోతారని యెషయా చెప్పినప్పుడు, తన దినాల్లో సమాధానం ఉంటే చాలునన్నట్టు రాజు ఊరుకున్నాడు. పరాయి దేశానికి పోబోయేది అతని పిల్లలే. మన ఇళ్లలోనూ విమానం ఎక్కుతున్నది పిల్లలే. ప్రియులారా, ఈ ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో వారి పేర్లతో పాటు, వారి కోసం సభలో నిలబడి అడగవలసిన ఎంపీల పేర్లు కూడా చదవండి. సోమవారం వారికి ఒక లేఖ రాయండి.