బొంతలత్త యరుగు

కోనసీమలో బొంత లేని యిల్లుండదు. మంచముమీది పరుపు క్రింద నొకటి, పెట్టెలో చుట్టములకై మడిచిపెట్టిన దొకటి, ఉయ్యాలలో పసిబిడ్డకు మెత్తగా నొకటి, ఏదో యొక మూల నది యుండియే తీరును. అట్లుండియు దానిని గుఱించి నలుగురిలో ముచ్చటించు వారము కాము. చుట్టములు వచ్చినపుడు క్రొత్త దుప్పటి పైకి కనబడునట్లును, క్రింది బొంత కనబడనట్లును పక్క వేయుట మనకు మర్యాదగా నున్నది. మేమును నిన్న మొన్నటివఱకు నట్లే చేసితిమి. ఇపుడు బొంతను గుఱించియు, దానిని కుట్టు చేతిని గుఱించియు సోదరీమణులతో కొంచెము చెప్పుకొనవలెనని తోచినది. ఇందు మా తప్పొకటి కలదు. దానిని దాచక చెప్పెదము.

మా యూరు రాజోలు ప్రాంతమున వసిష్ఠ గోదావరికి చేరువ నున్నది. మా వారు బడిలో నుపాధ్యాయులు. మా వీథిలో నాలుగిండ్ల కవతల నొక యిల్లాలు కలదు. తన పేరు పత్రికలో పడుట ఆమెకిష్టము లేదు. కావున పిల్లలు పిలుచునట్లు బొంతలత్త యనియే వ్రాయుచున్నాము. ఏబది యేండ్లకు దగ్గఱ వయస్సు. భర్త కొబ్బరి దింపు తీయువాడు. మోకాళ్ళు సహకరింపక నెలలో సగము దినములు చెట్టెక్కుట లేదు. అత్తగారు మంచము పట్టియున్నది. కొడుకు కువైత్‌లో కారు నడపుచున్నాడు. కూతురు పదియవ తరగతి చదువుచున్నది.

బొంతలత్త తెల్లవాఱకముందే లేచును. కల్లాపి, పాచిపని, పొయ్యి, కూతురి క్యారేజి, అత్తగారికి స్నానము, భర్త మోకాళ్ళకు కాపడము, ఇవి తెమలునప్పటికి పదకొండు గంటలు. అప్పుడు చేయి కడిగికొని, తడి యాఱువఱకు కొంగున తుడిచికొని, అరుగుమీద బొంత పఱచును. ఒంటిగంటకు లేచి యన్నములు పెట్టును. మరల మూడు గంటలకు కూర్చుండి దీపాలవేళ వఱకు కుట్టును. ఈ నడిమి గంటలనే మన మందఱము ఆమె ‘తీరిక’ యని పిలుచుచుందుము.

బొంత కుట్టుట తెలియని చిన్నమ్మాయిల కొఱకు ఆ విధము కొంచెము విప్పి చెప్పెదము. పాత నూలుచీరలు, పంచెలు, తువ్వాళ్ళు రెండు మూడు నీళ్ళలో జాడించి గంజి యంతయు పోవునట్లు చేయవలెను. గంజియున్న గుడ్డలో సూది నడవదు. పైకిని క్రిందికిని రెండు మంచి చీరలు. నడుమ చినిగినవి నాలుగైదు పొరలు. చీర నడుమ భాగము అరిగి పల్చనై యుండును గనుక ఒక పొరలోని పల్చనిచోట మఱియొక పొరలోని దిట్టమైన చోటు పడునట్లు పఱచుటయే యిందలి రహస్యము. ఇది తెలియనివారు కుట్టిన బొంత యేడాదికే నడుమ గుంటపడును. పొరలన్నియు సర్ది, ముడుత లేకుండ అరచేతితో నిమిరి, నాలుగు మూలల రాళ్ళు బరువు పెట్టి, ముందుగా దూరదూరముగా పోగులు వేసికొందురు. పిమ్మట అంచునుండి కుట్టు మొదలు. ఒకరు చేసినచో వరుసలు వంకరపోవునని కొందఱు ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుందురు. బొంతలత్తకా భయము లేదు. ఆమె దారము గీత గీచినట్లు నడచును. మూలలకు మాత్రము ఎఱ్ఱని గుడ్డముక్క ముక్కోణముగా మడిచి వేయును. మొదట చిరుగునది మూలయే గదా!

గుడ్డలలో నామెకు ప్రీతి అమలాపురము దగ్గఱి బండారులంక నేతచీర. పదేండ్లు కట్టి యుతికిన నేతచీర మెత్తదనము కొట్టులో కొనినను దొరకదు. పాలిస్టరు చీరలు తెచ్చినవారిని ఆమె త్రిప్పి పంపును. “సూదికి జారిపోద్దండి, పిల్లోడికి చెమట పీల్చదండి. నూలుచీర కట్టేవోళ్ళు తగ్గిపోయేరు, బొంతకి గుడ్డెక్కడి నించి వస్తాదండి?” అని యామె యొకనాడు మమ్మడిగినది. అప్పుడు మేము కట్టికొన్నది పాలిస్టరు చీరయే. ఏమియు ననలేకపోతిమి.

మధ్యాహ్నమున ఆ యరుగుమీదికి వీథిలోని యాడువాండ్రు నలుగురైదుగురు చేరుదురు. ఒకతె పూలు కట్టును, ఒకతె బియ్యమేఱును, ఒకతె బొంతకు రెండవవైపున కూర్చుండును. మమ్ము భాగవతము చదువుమని యడుగుదురు. గజేంద్రమోక్షము వచ్చిన దినమున సూదులన్నియు నిలిచిపోవును. ఆ దినము పని సాగదని బొంతలత్త రుక్మిణీకల్యాణమే చదువుమని కోరుచుండును. మా తండ్రిగారు మాకింటనే కావ్యములు చెప్పించిరి గాని కంథ యను శబ్దమునకు అర్థము చెప్పునపుడు ‘బొంత’ యని చెప్పి పుట త్రిప్పిరి. భర్తృహరి వైరాగ్యశతకమున సన్న్యాసి నూఱు పాతముక్కల కంథ కప్పుకొని నిశ్చింతగా నుండుట వర్ణింపబడినది. ఆ నూఱు ముక్కలను కూర్చిన దెవరని మేమా దినములలో నడుగలేదు. ఇప్పుడు అరుగుమీద కూర్చున్నపుడు ఆ ప్రశ్న తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక మా తప్పు. మా యాడపడుచు కూతురికి నెలలు నిండుచుండగా పురిటికొఱకు బొంత కావలసివచ్చినది. స్వర్గస్థులైన మా యత్తగారి చీరలు రెండు మా పెట్టెలో నుండెను. అవి బయట పెట్టి, పెద్దదియే కుట్టింపుమని బొంతలత్తకిచ్చితిమి. ఆమె 600 రూపాయలడిగెను. మేము, “తీరికలో కుట్టుదానికి ఇంత యెందులకు?” అని 400లకు కుదిర్చితిమి. ఆమె మాఱు పలుకలేదు. పండ్రెండు దినములకు బొంత తెచ్చి యిచ్చినది. మా యత్తగారు స్వహస్తముతో రఫు చేసికొన్న చోటొకటి చీరలో నున్నది. దానిని లోపలి పొరలో దాచివేయక, తలవైపున పైకి కనబడునట్లు పెట్టి కుట్టినది. మేమది చెప్పి చేయించినది కాదు.

ఆ రాత్రి బొంతను చూచి మా వారు, “దీనిలో కుట్లెన్ని యుండునో లెక్క వేయుదమా?” అనిరి. వారికి పిల్లలకు లెక్కలిచ్చు నలవాటు. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. వరుసకును వరుసకును నడుమ అంగుళము. అనగా 48 వరుసలు, ఒక్కొక్కటి 72 అంగుళములు. అంగుళమునకు నాలుగు కుట్లు. మొత్తము 13,824 కుట్లు తేలినవి. పొరలు దళసరి గనుక సూది యొక్కొక్క కుట్టునకు గ్రుచ్చి లాగవలెను. నిమిషమునకు పది కుట్లు పడిన గొప్ప. అట్లైన సూది కదలిన కాలమే 23 గంటలు. చీరలు జాడించుట, పొరలు సర్దుట, దారమెక్కించుట ఇందు చేరలేదు. 400 రూపాయలను 23 చేత భాగించిన గంటకు 17 రూపాయలు చిల్లర. మా వారు పలకమీద లెక్క వేసినట్లు కాగితముమీద వేసి మా చేతికిచ్చి, ఏమియు ననక పడుకొనిరి. మాకు నిద్ర పట్టలేదు.

ఇది చాలదన్నట్లు ఆ నెలలోనే డ్వాక్రా సంఘపు సమావేశము వచ్చినది. ఈ సంఘముల పథకము 1982లో కేంద్రప్రభుత్వమారంభించినది. మన రాష్ట్రమున 1990 తరువాత వీథివీథికిని వ్యాపించినది. మా సంఘములో పదిమందిమి. నెలకొకసారి కూర్చుండి పొదుపు కట్టుట, అప్పులు వ్రాసికొనుట మా పని. చదువు వచ్చినదని పుస్తకము వ్రాయు పని మాకప్పగించిరి. బొంతలత్త కుట్టుమిషను కొనుటకు 15,000 రూపాయలప్పు కోరినది. దరఖాస్తు మేమే పూరించుచు, వృత్తి యన్నచోట ‘గృహిణి’ యని వ్రాసి, వ్రేలు పెట్టి చూపి సంతకము చేయుమంటిమి. కూతురు చదివి వినిపించినది. బొంతలత్త కొంచెముసేపు కలము పట్టికొని యూరకుండి, “బొంతలు కుట్టే పని రాయరాండి, పంతులమ్మగారూ?” అనినది. అడిగిన తీరులో కోపము లేదు. మా ముఖము మాత్రము వేడెక్కినది.

తరువాత మాకొక గ్రంథము సంగతి తెలిసినది. సఖినేటిపల్లి రేవున పంటెక్కిన ఆవలి యొడ్డు నరసాపురము. అచ్చటి లేసు మనకందఱకును తెలిసినదే. 19వ శతాబ్దమున మిషనరీలు నేర్పిన యా పని చుట్టుప్రక్కల పల్లెలన్నిటను ప్రాకినది. మరియా మీస్ అను జర్మనీదేశపు విదుషి ఆ స్త్రీలను గుఱించి పరిశోధించి 1982లో నొక పుస్తకము ప్రకటించినది. ఇంటిచాకిరి గాక దినమునకు ఆఱునుండి యెనిమిది గంటలు లేసు అల్లువారిని వర్తకులును, ఇంటివారును, తుదకు వారే తమ్మును గృహిణులని చెప్పుకొనుటవలన ఆ పని తీరికపనిగా లెక్కింపబడి కూలి యడుగంటినదని ఆమె చూపినది. లేసు మాత్రము సముద్రములు దాటి యమ్ముడుపోయినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు కలిగినది, సంతోషమే. దరఖాస్తులో మేము వ్రాసిన యొక్క మాట కెంత బలమున్నదో ఆ పుస్తకపు సంగతి విన్నపుడు బోధపడినది.

బొంతలత్త కూతురు తన ఫోనులో మఱియొక సంగతి వెదకి చూపినది. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె కలదు. మన లంకవలె మూడువైపుల నేటి మలుపు. బానిసలుగా పత్తిచేలలో పనిచేసినవారి సంతతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకొనిరి. వారు ఓటుహక్కు కోరిన కాలమున, 1962లో, ఏఱు దాటు పడవను నిలిపివేసిరి. అది మరల నడచినది 2006లో. నడుమ 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకారసంఘముగా చేరి బొంతలు పట్టణములకమ్మిరి. 2002లో ఆ బొంతలను హ్యూస్టనులోను, న్యూయార్కులోను చిత్రశాలల గోడలకు వ్రేలాడదీసిరి. 2006లో తపాలాబిళ్ళలపై ముద్రించిరి. బొంతలత్త చిత్రములను పెద్దవి చేయించి చూచి, “కుట్టు మనకంటే ఎడంగా ఉందండి” అనినది. పిమ్మట, “పడవ ఆపేస్తే ఎలా బతికేరండి?” అని యడిగినది.

ఏటిసంగతి ఆమెకు బాగుగా తెలియును. 2022 జులైలో గోదావరి పొంగి లంకలు మునిగినపుడు లంకలోని ఆమె పుట్టింట నీరు చొచ్చినది. తల్లి కుట్టిన బొంతలు ఆఱు తడిసి బురదయెక్కినవి. నీరు త్రాగిన బొంతను ఇద్దఱు పట్టికొన్నను లేవదట. ఎండ రాక, ఆఱక, వాసన పట్టి, తుదకు గట్టుమీద వదలివచ్చితినని చెప్పినది. అందులో ఆమె తాతమ్మ చీర కూడ నుండెనట.

మిషను విషయమున సంఘములో పెద్ద తగవే జరిగినది. మిషను కుట్టు బిగువై బొంత అట్టవలె నగునని పెద్దవారు. చేతికుట్టునకు కండ్లు పోవునని చిన్నవారు. మాకును చేతికుట్టే యిష్టము, కాని కండ్లు మావి కావు. పైబొంతలు మిషనుమీదను, పసిబిడ్డల బొంతలు చేతితోను కుట్టుటకు బొంతలత్తయే తేల్చినది. అప్పు మంజూరైనది. దరఖాస్తు కాగితము మార్చి వ్రాసితిమి. వృత్తి యన్నచోట ఈ మాఱు కూతురు తన చేతితో ‘బొంతలు కుట్టుట’ యని వ్రాసినది. ఆ సమావేశములోనే చేతిబొంతకు 1,200 రూపాయలని పదిమందిమి నిర్ణయించితిమి. మేము 800 రూపాయలు పట్టికొనిపోయి పాత బొంతకని ఇవ్వబోగా ఆమె తీసికొనలేదు. “అది అప్పటి మాటండి” అనినది. బలవంతపెట్టగా, ఆ సొమ్మునకు నూలుచీర కొని కట్టుకొనుమని మాకే చెప్పినది.

కొంటిమి. బండారులంక చీర, నీలపు అంచుది. అది బొంతకు పక్వమగుటకు పదేండ్లు పట్టును. ఈలోగా మధ్యాహ్నములందు మేము భాగవతము మూసి ఆమెకెదురుగా కూర్చుండుచున్నాము. మొదటి దినము మేము కుట్టిన వరుస పాము నడచినట్లు పోయినది. మఱునాడు చూడగా ఆ వరుసను విప్పి, అదే దారముతో తిరిగి కుట్టియుంచినది.