అంకెలకు చీటీలు

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "ముప్ఫై అయిదు" అని చెప్పి ఊరుకున్నారనుకోండి. మీకేం అర్థమవుతుంది? అది లెక్కల పరీక్షలో వచ్చిన మార్కులా? ఇవాళ్టి ఎండ డిగ్రీలా? బస్తాలో మిగిలిన బియ్యం కిలోలా? అంకె తెలిసింది గాని సంగతి తెలియలేదు. దాని పక్కన "మార్కులు" అనో, "డిగ్రీలు" అనో ఇంకొక మాట ఉంటే తప్ప ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

మందుల సీసాల మీద చీటీలు ఎందుకు అంటిస్తారో మీకు తెలుసు గదా! చీటీ ఊడిపోయిన సీసాలో ఎంత మంచి మందున్నా ఎవరూ తాగరు. శాస్త్రజ్ఞులు కొలిచి దాచుకునే అంకెల సంగతి కూడా ఇంతే. వాటికీ చీటీ కావాలి. ఆ చీటీని "మెటాడేటా" అంటారు. చీటీలో రాసిన ఒక్కొక్క వివరాన్ని "ఆట్రిబ్యూట్" అంటారు.

చీటీ విషయంలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటున్నది. 1998 డిసెంబరు 11న అమెరికా వారు అంగారక గ్రహానికి "మార్స్ క్లైమేట్ ఆర్బిటర్" అనే నౌకను పంపారు. అది తొమ్మిదిన్నర నెలలు ప్రయాణం చేసింది. దారిలో దానిలోని చిన్న రాకెట్లను అప్పుడప్పుడు కాల్చవలసి వచ్చేది. ఆ కాల్పులు నౌకను ఎంత నెట్టాయో భూమి మీద లెక్క కట్టేవారు. ఒక ప్రోగ్రాము ఆ లెక్కను పౌండ్లలో రాసింది. దాన్ని చదివినవారు న్యూటన్లు అనుకున్నారు. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. ఆ విధంగా ప్రతిసారీ కొద్దికొద్దిగా తప్పు పేరుకుపోయింది. అంగారకుడికి 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక, 1999 సెప్టెంబరు 23న సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. ఆ తరువాత దాని జాడ మళ్ళీ తెలియలేదు. కూడికలూ, గుణకారాలూ అన్నీ సరిగానే ఉన్నాయి. అంకె పక్క మాట ఒక్కటే తప్పింది!

ఇప్పుడు మన బంగాళాఖాతానికి వద్దాం. సముద్రం మీద నీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వెచ్చగా ఉంటే తుఫానులకు బలం చేకూరుతుంది. అందుచేత సముద్రం ఎంత వెచ్చగా ఉన్నదో తెలియటం మనకు చాలా అవసరం. అమెరికా ప్రభుత్వపు "నోవా" సంస్థ, ఉపగ్రహాలూ ఓడలూ నీటిపై తేలే బోయాలూ కొలిచిన ఉష్ణోగ్రతలను కలిపి, 1981 సెప్టెంబరు నుంచి రోజుకొక పట్టిక తయారు చేసింది. ఇందులో భూగోళాన్ని అడ్డంగా 1,440, నిలువుగా 720 గళ్ళుగా విభజించారు. మొత్తం 10,36,800 గళ్ళు! భూమి మీద పడిన గళ్ళలో సముద్రం లేదు గనక అక్కడ కొలత కూడా లేదు.

ఈ ఫైలును తెరిచి విశాఖపట్నం దగ్గరి సముద్రపు గడిలో చూస్తే 2875 అని ఉన్నదనుకోండి. సముద్రం అంత కాగుతుందా? కంగారు పడకండి, చీటీ చూడండి. దానిలో "స్కేల్ ఫ్యాక్టర్: 0.01" అని ఉంటుంది. అంటే గడిలోని అంకెను 0.01 చేత గుణించాలన్నమాట. అప్పుడు 28.75 వస్తుంది. "యూనిట్స్" అన్న చోట సెల్సియస్ అని ఉంటుంది. చిక్కు విడిపోయింది! దశాంశాలు లేని చిన్న అంకెలు కంప్యూటర్‌లో తక్కువ చోటు తీసుకుంటాయి. అందుకోసమే ఈ ఏర్పాటు.

చీటీలో "ఫిల్ వాల్యూ: −999" అని ఇంకొక వివరం ఉంటుంది. "ఇక్కడ కొలత లేదు" అని దాని అర్థం. ఇది చూడకపోతే ఏం జరుగుతుంది? రెండు సముద్రపు గళ్ళలో 28.75, 28.25 ఉన్నాయి. మూడోది భూమి మీది గడి. −999ను కూడా 0.01 చేత గుణిస్తే −9.99 వస్తుంది. మూడింటి సగటు 15.67 డిగ్రీలు! నిజమైన సగటు 28.50. తుఫానుకు బలమిచ్చే వెచ్చని సముద్రం కాస్తా చల్లని సముద్రమైపోయింది. అందుచేత ముందు కొలత లేని గళ్ళను తీసివేయాలి, ఆ తరువాతే గుణించాలి.

ఈ గుర్తు అందరికీ ఒకటే అనుకోకూడదు. మన భారత వాతావరణ శాఖ వారి గళ్ళ పట్టికలలో, వాన కొలత లేని చోట −999 ఉంటే, ఉష్ణోగ్రత కొలత లేని చోట 99.9 ఉంటుంది. తెలియనివాడు చూస్తే అక్కడ నీళ్ళు మరుగుతున్నాయనుకుంటాడు!

లక్షల గళ్ళను మనిషి ఒక్కొక్కటే చూడలేడు. ఆ పని కంప్యూటర్‌కు అప్పగించాలి. దానికి పని చెప్పే భాషలలో "పైథాన్" ఒకటి. గైడో వాన్ రోసమ్ అనే ఆయన దీన్ని 1991లో లోకానికి అందించాడు. పైథాన్ అంటే కొండచిలువే గాని, ఆయన ఈ పేరు పెట్టింది "మాంటీ పైథాన్" అనే హాస్య కార్యక్రమాన్ని తలుచుకుని.

పైథాన్ ఈ చీటీని ఒక నిఘంటువులాగా మన చేతికిస్తుంది. "యూనిట్స్" అని అడిగితే "సెల్సియస్" అంటుంది. అయితే ఒక్కొక్క ఫైలులో 0.01 అంకెగా కాక, అక్షరాలుగా రాసి ఉంటుంది. అక్షరాలను 3 చేత గుణించమంటే పైథాన్ ఆ మాటనే మూడుసార్లు వరసగా రాసి, "0.010.010.01" అని చూపిస్తుంది! అందుకని అక్షరాలను ముందు అంకెగా మార్చమని చెప్పాలి.

తేదీ చదవటం మరీ తమాషాగా ఉంటుంది. ఫైలులో తేదీకి బదులు 8035 అని మాత్రమే ఉంటుంది. చీటీలో "డేస్ సిన్స్ 1978-01-01 12:00:00" అని ఉంటుంది. 1978 జనవరి 1 మధ్యాహ్నం నుంచి గడిచిన రోజులని దీని అర్థం. పైథాన్ ఈ వాక్యాన్ని ఖాళీలున్న చోట విరిచి నాలుగు ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క కొలమానం, మూడోది తేదీ, నాలుగోది వేళ. ఇక లెక్క కట్టటమే. 22 సంవత్సరాలకు 8,030 రోజులు, మధ్యలో వచ్చిన లీపు సంవత్సరాలు 5. కనక 8035 అంటే 2000 జనవరి 1 మధ్యాహ్నం. కావాలంటే మీరూ లెక్క వేసి చూడండి!

ఈ పనులన్నీ తనంతట తానే చేసే "ఎక్స్‌అర్రే" అనే పనిముట్టు కూడా పైథాన్‌లో ఉన్నది. వాతావరణపు ఫైళ్ళలో చీటీలు ఎలా రాయాలో చెప్పే "సీఎఫ్" అనే కట్టుబాట్లు 2003లో వచ్చాయి. ఆ ప్రకారం రాసిన చీటీని ఎక్స్‌అర్రే చదవగలదు. చీటీ లేకపోయినా, తప్పుగా ఉన్నా, దానికి మాత్రం ఏం తెలుస్తుంది?

ఈ వానాకాలం మీరు కూడా ఒక పని చేయవచ్చు. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం అందులోని నీటిని స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. మొదటి పేజీలో చీటీ ఉండాలి: ఏం కొలిచారు, ఏ ఊళ్ళో, ఏ వేళకు, మిల్లీమీటర్లా సెంటీమీటర్లా? వాన పడని రోజున 0 వేయండి. ఊరికి వెళ్ళి కొలవని రోజున 0 వేయకండి. "కొలవలేదు" అని రాయండి. ఆ రెంటికీ చాలా తేడా ఉన్నది. పదేళ్ళ తరువాత ఆ పుస్తకం ఎవరి చేతిలో పడినా, మీరు పక్కన లేకపోయినా, మీ అంకెలు వారికి అర్థమవుతాయి.