ఆఖరి రీలు ఎవరిది?

కోట్లు పోసి తీసిన సినిమా ఆఖరి పావుగంటలో ఎందుకు నీరుగారిపోతుంది? పాలకొల్లు దర్శకుడు కోడి రామకృష్ణ తీసిన మూడు సినిమాలు గట్టి జవాబే చెబుతాయి.

అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన పాలకొల్లే కోడి రామకృష్ణ ఊరు. దాసరి దగ్గర పని నేర్చుకుని, 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో దర్శకుడయ్యారు. సంసారపక్షమైన కథల్లో చెయ్యి తిరిగిన ఆయనకే నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి భారీ గ్రాఫిక్స్ సినిమాలు అప్పజెప్పారు.

భయం రాసిన ముగింపు

ఆ మూడు సినిమాలకు ముందు ఓ హాలీవుడ్ ఉదాహరణ చూద్దాం. అక్కడ భారీ సినిమాకు ఆఖరి మాట చాలాసార్లు స్టూడియోదే. 1982లో రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ ప్రివ్యూ చూసి జనం పెదవి విరిచేసరికి పెట్టుబడిదారులకు గుబులు పుట్టింది. కథకు సుఖాంతం అతికించారు. అందులో కనిపించే కొండదారులు ‘ది షైనింగ్’ కోసం స్టాన్లీ కుబ్రిక్ తీయించి, వాడకుండా వదిలేసినవి! స్కాట్ కోరుకున్న రూపం పూర్తిగా తెరకెక్కేసరికి 2007 వచ్చింది.

నిర్మాత పట్టు

అలాగని నిర్మాత పెత్తనమంతా చెడ్డదని అనలేం. ‘అమ్మోరు’ను మొదట వేరే దర్శకుడు తీశారు. అది నచ్చక శ్యామ్‌ప్రసాద్ రెడ్డి ఆ ఖర్చు వదులుకుని, కోడిని పిలిచి మళ్లీ తీయించారు. విలన్‌గా రామిరెడ్డి వచ్చారు. 1995లో ఆ సినిమా ఘనవిజయం సాధించింది. అమ్మోరు ఉగ్రరూపం దాల్చేవేళకు, సౌందర్య పాత్ర పడ్డ కష్టాలన్నీ ప్రేక్షకుల గుండెల్లో ఉన్నాయి. గ్రాఫిక్స్ ఆ కోపానికి ఆకారమిచ్చాయి.

అదే జోడీ చిరంజీవితో ‘అంజి’ తీసింది. ఏళ్ల తరబడి సాగి, 2004 సంక్రాంతికి విడుదలైంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం దక్కినా పెట్టుబడి తిరిగి రాలేదు. ముగింపు ఘట్టంలో శివుడి ఆత్మలింగం, ఆకాశగంగ కళ్లు చెదిరేలా ఉన్నాయి. కానీ ఆ ఘట్టంలో అంజి గెలుపోటములు మనవి కావు. చూసి అబ్బురపడతాం, ఏడవం.

2009లో ‘అరుంధతి’ ఆ లోటు తీర్చింది. కథానాయిక అరుంధతి గత జన్మలో జేజెమ్మ. ఆమె ప్రాణమిచ్చి, తన అస్థికలే ఆయుధమయ్యేలా చేసింది. ఆ ఆయుధానికి అరుంధతి నెత్తురు తగిలాకే విలన్ పశుపతి అంతమయ్యాడు. రెండు జన్మల బాధ ఆ ఒక్క పోటులో ఉంది. అందుకే హాలు ఊగిపోయింది.

ముందే తేల్చుకోవాలి

ముగింపులో పాత్ర ఏం పోగొట్టుకుంటుంది, ఏం దక్కించుకుంటుంది? దర్శకుడు, నిర్మాత, గ్రాఫిక్స్ నిపుణులు కథాచర్చల్లోనే కూర్చుని ఇది తేల్చుకోవాలి. తేడా వస్తే ఎవరి మాట చెల్లాలో ఒప్పందంలో రాసుకోవాలి. ప్రివ్యూ చూశాక పుట్టే భయానికి ఆ అధికారం ఇవ్వకూడదు. టికెట్ కొన్నవాడు రెండున్నర గంటలు నమ్మి కూర్చుంటాడు. ఆ నమ్మకానికి న్యాయం చేసే బాధ్యత ఆఖరి సన్నివేశానిదే.