గడపగడపకు నడచు చదువు

హనుమకొండలోని సుబేదారికి ఆ పేరు ఊరక రాలేదు. నిజాం ప్రభువుల కాలమున హైదరాబాదు రాజ్యము సుబాలుగా విభజింపబడి యుండెను. వరంగల్లు సుబాకు అధిపతియైన సుబేదారు ఇచ్చటనుండి పాలించుటచే, ఆ ఉద్యోగము పేరే స్థలమునకు నిలిచిపోయినది. నాడు ఇచ్చటినుండి ఆజ్ఞలు బయలుదేరుచుండెడివి. గ్రామములు వానిని తలదాల్చుచుండెడివి. ప్రజల అభిప్రాయమేమని అడుగు వాడుక ఆనాటి కచేరీలకు లేదు. నేడు అదే సుబేదారిలో విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఉన్నది. అటువంటి కళాశాలలనుండి వెడలు విద్యార్థి పరిశోధకుడు తెల్లకాగితము చేతబట్టి గడప ముందు నిలిచి, “మీరు ఓటు వేసితిరా? వేయనిచో కారణమేమి? గ్రామసభకు పోవుదురా?” అని అడుగును. కాలము తెచ్చిన మార్పు ఎంతటిదో ఈ ఒక్క దృశ్యమే తెలుపును.

ఆ ప్రశ్నకు వెనుక ఒక చరిత్ర కలదు. హైదరాబాదు రాజ్యమున వయోజనులందరకు ఓటు హక్కు తొలిసారి లభించినది 1952 ఎన్నికలలోనే. అక్షరము రానివారే అధికసంఖ్యాకులగుటచే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై గుర్తు నంటించిరి. చదువురానివాడు ఏమి విచక్షణ చూపగలడని శంకించినవారు నాడు లేకపోలేదు. కాని వరంగల్లు లోక్‌సభ స్థానమున ప్రజాకవి కాళోజీ నారాయణరావు కాంగ్రెసు పక్షమున నిలువగా, ఓటర్లు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావును గెలిపించిరి. ఆలేరు నియోజకవర్గమువారు ఆరుట్ల కమలాదేవిని శాసనసభకు పంపిరి. పేరుప్రతిష్ఠలు చూచి తలయూపక, తమ కాలపు పోరాటములను తూచి ప్రజలు తీర్పు చెప్పిరనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అయినను ఆ మహోత్సవమునకు ఒక నీడ కలదు. నాడు దేశమున ఓటర్ల సంఖ్య సుమారు 17 కోట్ల 30 లక్షలు. జాబితాలు తయారుచేయువారు ఇంటింటికి పోగా, ఉత్తరదేశమున అనేక స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపలేదు. ఫలానావాని తల్లి, ఫలానావాని భార్య యని మాత్రమే వ్రాయించుకొనిరి. స్వంత పేరు లేనిదే ఓటరుగా నమోదు చేయరాదని ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నిశ్చయించెను. ఫలితముగా సుమారు 28 లక్షల స్త్రీలు జాబితాకు వెలియైరి. నిర్ణయము కఠినమైనది, కాని వ్యక్తికే ఓటు, బంధుత్వమునకు గాదు అను సూత్రమును అది దేశమునకు నేర్పినది. పట్టికలో లేని పేరు ప్రభుత్వమునకు వినిపించని గొంతు. పరిశోధకుడు మొదట తెలిసికొనవలసిన పాఠమిదియే.

మనదేశమున ఎన్నికలను శాస్త్రరీతిని పరిశీలించు పని ఢిల్లీలో 1963లో రజనీ కొఠారీ స్థాపించిన అభివృద్ధి సమాజముల అధ్యయన కేంద్రముచే ప్రబలినది. 1967 ఎన్నికలతో ఆ కేంద్రము జాతీయ అధ్యయనములకు పూనుకొన్నది. అందు గ్రామములు తిరిగి సమాచారము సేకరించువారు తరచుగా విశ్వవిద్యాలయ విద్యార్థులే. కనిపించినవారినెల్ల అడుగుట వారి పద్ధతి కాదు. ఓటర్ల జాబితాలో నియమిత సంఖ్య చొప్పున పేర్లను ఎన్నుకొని, ఆ పేరుగల వ్యక్తినే వెదకి మాటాడవలెను. ఓటు ఎవరికని నోట అడుగరు. నమూనా ఓటుపత్రమును చేతికిచ్చి, గుర్తుపెట్టి మడచి చిన్నపెట్టెలో వేయుమందురు. ప్రక్కన భర్త ఉన్నను, గ్రామపెద్ద ఉన్నను ఆ గుర్తు వారికి తెలియదు.

ఈ విధానము వినుటకు సులభము, ఆచరించుటకు కష్టము. ఎన్నుకొన్న ఇంటికి పోగా తలుపునకు తాళముండును. ఓరుగల్లు సీమనుండి నేత కార్మికులు అనేకులు సూరతు, భివండి, షోలాపూరు మగ్గములకు వలసపోయిరి. అట్టివాని పేరు జాబితాలో ఉన్నను మనిషి ఊరలేడు. ఉన్న ఊర పేరు లేదు. ఆ క్షణమున విద్యార్థికి ఒక ప్రలోభము కలుగును. ప్రక్క ఇంటి అరుగుపై తీరికగా కూర్చున్న పెద్దమనిషిని అడిగి కాగితము నింపినచో పని సాయంకాలమునకే ముగియును. కాని అట్లు చేసినచో ప్రజాస్వామ్యము ఒకసారి మరచినవానిని పరిశోధన రెండవసారి మరచినట్లగును. తాళమును తాళమనియే వ్రాయవలెను. ఆ ఖాళీ గడి కూడ ఒక సమాధానమే. పరిశోధకుని నిజాయితీకి పరీక్ష అచ్చటనే.

స్త్రీల విషయమున కష్టము మరియొక రూపమున ఎదురగును. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించినది. తెలంగాణమున 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము స్త్రీల వాటా సగము. లెక్కలో ఇది గొప్ప విజయము. కాని సర్పంచి ఇంటికి పోయి ప్రశ్న అడుగగా భర్తయే ముందుకు వచ్చి సమాధానము చెప్పుట తరచుగా జరుగును. “అయ్యా, అమ్మగారి మాట వినుటకు వచ్చితిమి” అని మర్యాదగా నిరీక్షింపగల ఓర్పు విద్యార్థికి కావలెను. తీర్మానము ఎవరు ప్రతిపాదించిరి, చెక్కుపై సంతకము చేయుటకు ముందు దానిని చదివినదెవరు అను చిన్న ప్రశ్నలే కుర్చీలో కూర్చుండుటకును, అధికారము వహించుటకును గల భేదమును బయటపెట్టును. అట్లని నవ్విపోవుటకు తొందరపడరాదు. తొలి ఏడాది మౌనముగానున్న ఆమెయే పదవీకాలము ముగియునాటికి అధికారిని నిలదీయవచ్చును. కావున ఒకమారు అడిగి మరలిపోక, మరల పోయి అడుగువాడే సత్యమును గ్రహించును.

విద్యార్థులు తమ్మును తాము అడుగుకొనవలసిన ప్రశ్నయు ఒకటి కలదు. 61వ సవరణచే 1989లో ఓటుహక్కు వయస్సు 21నుండి 18కి తగ్గినది. కాని 2023 శాసనసభ ఎన్నికలలో రాష్ట్రమంతట నూటికి సుమారు 71 మంది ఓటు వేయగా, కళాశాలలకును విశ్వవిద్యాలయములకును నిలయమైన హైదరాబాదు జిల్లాలో సగముమందియైన వేయలేదు. చదువురానివారు ఓటువేయ నేర్తురా యని 1952లో శంకించిరి. చదివినవారు ఓటు వేయుదురా యని నేడు అడుగవలసివచ్చినది!

ఉపాధ్యాయులు ఈ శాస్త్రమును విశ్వవిద్యాలయమునకే విడువనక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులచేత తమ వీధి ఓటర్ల జాబితాను చదివింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండియు పేరులేనివారెవరు, మరణించియు జాబితాలో మిగిలినవారెవరు, ఊరువిడిచినవారెవరు అని వ్రాయింపవచ్చును. పేరులేని పొరుగింటి అక్కచేత దరఖాస్తు పెట్టించిన బాలుడు పౌరశాస్త్రమున ఒక అధ్యాయము ముగించినట్లే.

సుబేదారు మనుష్యులు గ్రామమునకు పోయినది శిస్తు అడుగుటకు. విద్యార్థి పోవునది మాట అడుగుటకు. అడిగినవారు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసికొని రాగలిగినచో, ఆ చదువు సార్థకము.